కాకులు ముట్టని మొఫోంగో

అశోక్‌నగర్,
3 అక్టోబర్ 2012, బుధవారం

ఫ్లాట్ 302 ప్రభావతి గారికి,

కుసుమ నిలయం ఓనర్స్ అసోసియేషన్ కార్యదర్శి, ఫ్లాట్ 202 ఇంద్రసేనరావు నమస్కరించి తెలియజేయునది.

గత ఆదివారం నుండి పొద్దున ఏడున్నరకు ఒకసారి, సాయంత్రం ఆరున్నరకు ఒకసారి మీ వంటింట్లో ఏదో దంచుతున్నారు. మీ వంటిల్లు సరిగ్గా మా వంటింటి నెత్తిన ఉంది. నిన్న సాయంత్రం నేను చాయ్ తాగుతుండగా పైకప్పు నుంచి సున్నం పెళ్ల ఊడి కప్పులో పడింది. అద్దాలు పెట్టుకోలేదు కనుక బిస్కెట్ ముక్క అనుకొని తిన్నాను కూడా.

మిక్సీలు, గ్రైండర్ల గురించి మన నిబంధనల్లో ఉంది. రోలు గురించి లేదు. ఈ రోజుల్లో అపార్ట్‌మెంట్లో రోలెవరు పెట్టుకుంటారులే అని నేనే రాయలేదు. కాబట్టి తమరు ఏం దంచుతున్నారో, ఎన్నాళ్లు దంచుతారో మూడు రోజుల్లో సంజాయిషీ ఇవ్వగలరు.

ఉత్తరం రాసిస్తాను, పైకి పట్టుకెళ్లాలని చెబితే మన వాచ్‌మన్ ఈరన్న, "ఒక్క అంతస్తుకు గింత రాతకోత ఏంది సార్, లిఫ్టున్నది గద" అన్నాడు. రెవెన్యూ ఆఫీసులో ముప్పై మూడేళ్లు సూపరింటెండెంటుగా చేసినవాణ్ణి. నోటితో అన్నది గాలికి పోతుంది, రాసింది ఫైల్లో ఉంటుంది. తమరు కూడా రాతపూర్వకంగానే జవాబివ్వాలి. అసలు విషయం మొదటి పేరాలో ఉండాలి. నేను మొదటి పేరా చూసి ఫైలు తేల్చేవాణ్ణి. తాజా కలాలు రాయను, చదవను.

నిబంధనలకు కట్టుబడినవాడు,
ఇంద్రసేనరావు


ఫ్లాట్ 302,
అదే రోజు సాయంత్రం

కార్యదర్శి గారికి పై ఇంటి ప్రభావతి నమస్కారాలు.

మీ చాయ్‌లో సున్నం పడ్డందుకు నిజంగానే బాధగా ఉంది. మా ఇంట్లో పచ్చి అరటికాయలు దంచుతున్నాం. మిక్సీలో వేస్తే బంకలాగా సాగుతోంది, అందుకని రోలు దించక తప్పలేదు. ఇంకో పది పన్నెండు రోజులు మీరు ఓపిక పట్టాలి.

ఎందుకంటారా, చెప్తాను వినండి. మా ఇంట్లో ఒక పిల్ల ఉంటోంది. పేరు మారిసోల్. డొమినికన్ రిపబ్లిక్ అని సముద్రం నడుమ ఒక దేశముందట, అక్కడి నుంచి తార్నాకకు ఇంగ్లీషు కోర్సు కోసం వచ్చింది. వచ్చిన కొత్తలో పాడుకుంటూ మెట్లెక్కేది. ఇప్పుడు పాట లేదు. అన్నం పెట్టినా, పప్పు పెట్టినా, ఎంత కమ్మగా చారు కాచినా "గుడ్ ఆంటీ" అంటుంది, నాలుగు మెతుకులు తింటుంది, గదిలోకి పోయి బిస్కెట్లు నములుతుంది. నెల తిరగకముందే నడుము సగమైంది. ఆఖరికి పదిహేడో తారీఖుకు తిరుగు టికెట్ చేయించుకుంది. కోర్సు ఇంకా ఐదు నెలలుంది!

ఇరవై ఆరేళ్లుగా ఈ చేత్తో వండుతున్నాను. నా ఇంట్లోంచి ఒక ఆడపిల్ల ఆకలితో వెళ్లిపోతే నేను గరిటె పట్టుకోవడం దేనికి? అందుకే కూర్చోబెట్టి అడిగాను, "మీ ఇంట్ల ఏం తింటవు బిడ్డా, చెప్పు" అని. మొఫోంగో అంది. చెబుతూ చెబుతూనే ఏడ్చేసింది. పచ్చి అరటికాయ ముక్కల్ని వేయించి, వెల్లుల్లి, ఉప్పు వేసి దంచి ముద్ద చేస్తారట. అందులో వాళ్లు మాంసం కూడా వేస్తారు, నేను బదులుగా గుమ్మడి వడియాలు వేయించి వేస్తున్నాను. ఇంకా కుదరలేదు. కుదిరేదాకా దంచుతాను.

మీ నెత్తి మీద ఉన్న,
ప్రభావతి

తా.క. మా వారు అంటున్నారు: "ఆ పిల్ల పదిహేడుకు పోతదో లేదో గాని, పొద్దుమాపు గీ అరటికాయలు తినుకుంట నేను పదిహేను లోపలనే పోయేటట్టున్న."


ఫ్లాట్ 202,
5 అక్టోబర్, శుక్రవారం

చెల్లెమ్మ ప్రభావతికి,

నన్ను క్షమించాలి. మీ ఉత్తరంలో "పచ్చి అరటికాయలు", "పది పన్నెండు రోజులు" అన్నచోటే నా కళ్లు ఆగిపోయాయి. తర్వాతది చదవలేదు. ఒకరి ఇంటి దుఃఖాన్ని వాక్యం వాక్యం తవ్వి చూడటం సంస్కారం కాదు. ఇవి పితృపక్షం రోజులు. ఈ రోజుల్లో బ్రాహ్మల ఇంటికి పచ్చి అరటికాయలు డజన్ల లెక్కన ఎందుకొస్తాయో నాకు ఒకరు చెప్పాలా? పది పన్నెండు రోజులన్నారంటే పక్షం చివరి అమావాస్య, పెత్రమాస దాకా అన్నమాట.

ఈరన్నను పిలిచి అడిగాను. "రోజుకు డజన్ అరటికాయలు నారాయణగూడ మార్కెట్ కెల్లి తెస్తున్నరు సార్. పైన ఆ ముసలమ్మ గూడ కొన్ని నెలల సంది కనవడ్తలేదు" అన్నాడు. అంతే, నాకు సంగతి అర్థమైపోయింది. మీ అత్తగారు పోయారని ఒక్క మాట చెప్పలేదేమమ్మా? ఎంత గట్టి మనిషి! నాలుగో అంతస్తు వాళ్ల కుక్కను చేతికర్రతో సెల్లార్ దాకా తరిమిన మనిషి!

రోలు మీద అభ్యంతరాన్ని ఇందుమూలంగా ఎత్తివేస్తున్నాను. ఎంత కావాలంటే అంత దంచుకోండి. మా అమ్మగారికి ఈ సంగతి చెబితే కొంగు నోటికి అడ్డం పెట్టుకొని లోపలికి వెళ్లిపోయారు. పాపం, ఆవిడ ఇలాంటివి వింటే ఓర్వలేరు.

మీ దుఃఖంలో పాలుపంచుకునే,
ఇంద్రసేనరావు


ఫ్లాట్ 302,
6 అక్టోబర్, శనివారం

అన్నగారూ, నమస్కారం.

మీ ఉత్తరం చదివాక మా ఇంట్లో ఎవరికీ కళ్లనీళ్లు ఆగలేదు. మా వారైతే సోఫాలోంచి జారి కింద కూర్చున్నవారు పావుగంట దాకా లేవలేదు.

నవ్వీ నవ్వీ పక్కలు పట్టేశాయి మరి! మా అత్తగారు ఉగాది నుంచి కాచిగూడలో మా మరిది ఇంట్లో ఉంటున్నారు. నిక్షేపంగా ఉన్నారు. పొద్దున లేచి రెండు ఫర్లాంగులు నడుస్తున్నారు. మీ ఉత్తరం ఫోన్‌లో చదివి వినిపించాను. "నన్ను చంపినోడెవడే? జర వాని నంబరియ్యి" అంటున్నారు. నేనివ్వలేదు. మీ మంచికే.

ఇక మొఫోంగో సంగతి. మొదట నాలుగు రోజులు నేను చేసిన తప్పేమిటో తెలిసింది. అరటికాయ అనగానే నా చెయ్యి నా మాట వినకుండా పసుపు వేసి ఉడకబెట్టేస్తోంది, మన కూరకు అలవాటైన చెయ్యి కదా. ఉడకబెట్టకూడదట. పచ్చి ముక్కల్ని సన్నసెగ మీద నూనెలో వేయించి, ఎర్రబడకముందే తీసి, వేడి మీదే దంచాలి. నిన్న అలాగే చేశాను. పిల్ల నాలుగు చెంచాలు తింది! కళ్లు మూసుకొని తింది. నాకు ఎగిరి గంతేయాలనిపించింది. కానీ ఫోన్ వచ్చి అటు వెళ్లి వచ్చేసరికి ముద్ద చల్లారి గట్టిపడిపోయింది. మొహం చిన్నబుచ్చుకుని మళ్లీ బిస్కెట్లు తీసింది. ఇంకా పదకొండు రోజులే ఉంది అన్నగారూ. నాకు పరేషాన్‌గా ఉంది.

అరటికాయల ప్రభావతి

తా.క. ఆ గట్టిపడ్డ ముద్దల్ని పారేయడానికి మనసొప్పక ఉండలు చేసి టెర్రస్ పిట్టగోడ మీద పెట్టించాను, పక్షులైనా తింటాయని. కాకులు కూడా ముట్టలేదు. నా వంటకు ఇంత అవమానం ఎన్నడూ జరగలేదు.


ఫ్లాట్ 202,
8 అక్టోబర్, సోమవారం

చెల్లెమ్మకు,

మీ ఉత్తరం రెండు వాక్యాలు చదివి పక్కన పెట్టేశాను. అంతకన్నా నా వల్ల కాలేదు. మీ వారిని లేవదీసి కాస్త నీళ్లు తాగించండి. మగవాడు అట్లా కింద కూలబడటం మంచిది కాదు.

ఇప్పుడు నేను రాయబోయేది గుండె దిటవు చేసుకొని చదవండి. నిన్న పొద్దున నీళ్ల ట్యాంకు చూడటానికి టెర్రస్ ఎక్కాను. పిట్టగోడ మీద వరసగా ఏడు పిండాలు! చెప్పులు విప్పి పక్కన నిలబడ్డాను. ఒక కాకి వచ్చింది. ముక్కుతో ఒకసారి పొడిచింది. తల విదిలించి ఎదురు అపార్ట్‌మెంట్ మీదికి వెళ్లిపోయింది. ఇంకోటి వచ్చి చూసి, పొడవను కూడా పొడవలేదు.

కాకి ముట్టలేదంటే మీ అత్తగారికి ఏదో తీరని కోరిక ఉందన్నమాటే. ఇంటివాళ్లు దగ్గర లేరు కదా అని నేనే చేతులు జోడించి మాటిచ్చాను. "అమ్మా, మీ కోడల్ని మేమందరం చూసుకుంటాం" అన్నాను. కాకి దిగలేదు. "మీ పేరు మీద సెల్లార్‌లో సిమెంటు బెంచీ వేయిస్తాం" అన్నాను. దిగలేదు. "నాలుగో అంతస్తు కుక్కను పంపించేస్తాం" అన్నాను. అప్పుడు ఒకటి కొంచెం దగ్గరికి వచ్చినట్టు అనిపించింది గానీ, అది కూడా పోయింది. గంటన్నర ఎండలో నిలబడ్డాను.

అందుకని చిక్కడపల్లి వెళ్లి మా శాస్త్రి గారితో మాట్లాడాను. గురువారం పొద్దున తొమ్మిదింటికి మీ ఇంటికి వచ్చి శాంతి చేయిస్తారు. ఆ రోజు భవనంలో ఎవరూ ఉల్లి, వెల్లుల్లి వాడకూడదని నోటీసు బోర్డు మీద రాసి సంతకం పెట్టాను.

మీరు ఒంటరివారు కారు.
ఇంద్రసేనరావు


ఫ్లాట్ 302,
11 అక్టోబర్, గురువారం మధ్యాహ్నం

అన్నగారికి,

మా అత్తగారు బతికే ఉన్నారు. ఇది మొదటి పేరా. ఇందులో ఇంకేమీ లేదు.

ఇప్పుడు దయచేసి రెండో పేరా చదవండి. మీ నోటీసు చూసి మూడు ఇళ్లవాళ్లు పలకరింపుకు వచ్చారు. ఒకావిడ గిన్నెడు చప్పిడి పులిహోర తెచ్చింది. ఈ సంగతి విని మా అత్తగారు కాచిగూడ నుంచి ఆటో కట్టించుకొని పొద్దున ఎనిమిదింటికల్లా దిగారు. తొమ్మిదింటికి మీ శాస్త్రి గారు బెల్లు కొడితే తలుపు తీసింది ఆవిడే. శాస్త్రి గారు ఎంతో నెమ్మదిగా, "ఎవరి నిమిత్తమమ్మా?" అని అడిగారు. "నా నిమిత్తమే, లోపలికి రా నాయనా" అన్నారు మా అత్తగారు. పాపం, ఆయన చెప్పుల స్టాండు మీద కూలబడ్డారు.

సరిగ్గా అప్పుడే లోపల మారిసోల్ వెల్లుల్లి వేయిస్తోంది. అవునండీ, మీరు నిషేధించిన రోజునే. ఎందుకంటే నిన్ననే మొఫోంగో కుదిరింది! ఈరన్న భార్య తిమ్మమ్మ టెర్రస్ ఊడుస్తూ ఆ ఉండలు చూసి కిందికి తెచ్చింది. "గివి పారేసుడేందమ్మ? గట్టివడ్డ సంగటిని నీళ్లు జల్లి చిదిమి మళ్ల మెత్తగ జేస్తం గద" అంది. అది విని మారిసోల్ చేతులతో సైగలు చేస్తూ ఒకటే గోల. వాళ్ల నాయనమ్మ కూడా మిగిలిన ముద్దను పారెయ్యదట. చిన్న ఉండలు చేసి, నడుమ చీజ్ ముక్క పెట్టి, నూనెలో వేస్తుందట. ఇన్ని రోజులూ చెప్పదేం! మిగిలిపోయినది చేసిపెట్టమని అడిగితే నేను ఏమనుకుంటానో అని మొహమాటపడిందట పిచ్చిపిల్ల.

కొత్త ముద్ద దంచి, చల్లారాక నీళ్లు చల్లి చిదిమి, నిమ్మకాయంత ఉండలు చేశాం. హిమాయత్‌నగర్ నుంచి చీజ్ తెప్పించాం. బియ్యప్పిండిలో దొర్లించి, కాగిన నూనెలో వేశాం. పైన కరకర, లోపల మెత్తన. ఆ పిల్ల పదకొండు తింది. నేను లెక్కపెట్టాను, దిష్టి తగిలితే తగలనీ. తిని, వాళ్లమ్మకు ఫోన్ చేసి అరగంట మాట్లాడి, టికెట్ వద్దని చెప్పేసింది. ఇవాళ పాడుకుంటూ మెట్లు దిగింది.

ఆ సంతోషంలో ఉన్న,
ప్రభావతి

తా.క. శాస్త్రి గారి కోసం వెల్లుల్లి లేకుండా వేరే నూనెలో వేశాను. ఆరు తిన్నారు. వెళ్తూ వెళ్తూ, "మళ్లీ ఎప్పుడన్నా ఎవరన్నా పోతే కబురు చెయ్యండి" అన్నారు.


కుసుమ నిలయం ఓనర్స్ అసోసియేషన్,
12 అక్టోబర్, శుక్రవారం

ఫ్లాట్ 302 యజమానికి నోటీసు

శాస్త్రి గారు మీ ఇంటి నుంచి బయల్దేరి చిక్కడపల్లి చేరేలోపు ఆగిన ప్రతిచోటా ఈ కథ చెప్పారు. నిన్న సాయంత్రం కూరగాయల బండి అతను "సార్, మీకు పచ్చి అరటికాయలు ఇయ్యమంటరా?" అని అడిగాడు. పక్కనున్న నలుగురు నవ్వారు. ముప్పై మూడేళ్ల సర్వీసులో నన్ను చూసి నవ్వినవాడు లేడు.

విచారణలో తేలిన అంశాలు: మీరు అసోసియేషన్‌కు తెలపకుండా బయటి వ్యక్తిని ఇంట్లో ఉంచుకున్నారు. నివాస భవనంలో రోలు వాడారు. నోటీసు బోర్డు మీద నిషేధించిన పదార్థాన్ని నిషేధించిన రోజునే వేయించారు.

ఆదివారం పొద్దున పదకొండింటికి సెల్లార్‌లో సర్వసభ్య సమావేశం. బయటి వ్యక్తులు పదిహేడో తారీఖులోగా ఖాళీ చేయాలని, రోలును భవనం నుంచి తీసివేయాలని తీర్మానం పెడుతున్నాను. చేతులెత్తే పద్ధతిలో ఓటింగు జరుగుతుంది.

కార్యదర్శి
(ఇంద్రసేనరావు)


ఫ్లాట్ 302,
14 అక్టోబర్, ఆదివారం మధ్యాహ్నం

ఇంద్రసేనరావు గారికి,

నాలుగు చేతులు అటు, మూడు చేతులు ఇటు. చూశాను. అందుకే మిగతాది వినకుండా లేచి వచ్చేశాను. మీ తీర్మానమే నెగ్గింది. ఆ పిల్ల పెట్టె సర్దుకుంటోంది.

నాకు మీ మీద కోపం లేదంటే అబద్ధం. చాలా ఉంది. మీరు అవమానపడ్డారని నాకు తెలుసు. ఆ నవ్వుల్లో మా ఇంటి నవ్వు కూడా ఉంది, దానికి క్షమించండి. కానీ ఆ శిక్ష నాకు వెయ్యాల్సింది. ఆ పిల్ల మీకేం చేసింది? మెట్ల మీద మీరెదురైతే పక్కకు జరిగి నిలబడి, వచ్చీరాని తెలుగులో "నమస్తే తాత" అంటుందట కదా.

దానికి నిజమే చెప్పాను, ఓటింగులో ఓడిపోయామని. అది నా భుజం తట్టి, "ఆంటీ, ఐ ఈట్ వెల్. నో సాడ్" అంది. తను కడుపునిండా తిన్నదట, అందుకని నేను బాధపడొద్దట. ఇంత దూరం వచ్చిన పిల్లను "మీ ఇంట్ల ఏం తింటవు" అని అడగడానికి నాకు నెల పట్టింది. అడిగి, దొరకబుచ్చుకొని, చేసి పెట్టేసరికి పొమ్మనాల్సి వచ్చింది. నా బాధ అదీ.

ఇక ఉత్తరాలు రాయను.
ప్రభావతి

తా.క. ఈరన్నతో ప్లేటు పంపుతున్నాను. ఎడమవైపువి వెల్లుల్లి లేనివి. ఎంత కోపమున్నా, ఇంట్లో ఏదన్నా వేయిస్తే కింది ఇంటికి పంపకుండా తినడం మాకు చేతకాదు.


ఫ్లాట్ 202,
14 అక్టోబర్, సాయంత్రం నాలుగు గంటలు

అమ్మా ప్రభావతీ,

నేను త్రివేణీబాయిని, ఇంద్ర వాళ్లమ్మను. నా చెయ్యి వణుకుతది కాబట్టి నేను చెప్తున్న, వాడు రాస్తున్నడు. ఒక్క అక్షరం మార్చొద్దని చెప్పిన. ముందుగాల ఆ పిల్లను పెట్టె విప్పుమను. ఎక్కడికీ పోయేది లేదు.

నువ్వు లేచి పోయినంక ఏమైందో నీకు తెల్వదు. చేతులు లేపినోళ్లల్ల మావాడు ఒకడు గద. అప్పుడే నేను లిఫ్టు దిగి వచ్చిన. చేతిల ఈ ఇంటి రిజిస్ట్రీ కాయితం పట్టుకొని వచ్చిన. చిక్కడపల్లిల నా పేరు మీదున్న పాత ఇల్లమ్మి ఇది కొన్నం. ఇది నా పేరు మీదనే ఉన్నది, వీని పేరు మీద లేదు. ఓనరు కానోళ్లకు ఓటు లేదు, పదవి లేదని రూలున్నది. ఎనిమిదేండ్ల కింద ఒక కిరాయిదారు ప్రెసిడెంటుగ నిలవడ్తనంటే, ఆయనను ఆపేటందుకు ఆ రూలు రాసింది మావాడే. రాసిందే ఫైల్ల ఉంటది గద! వాని చెయ్యి దించిన, నా చెయ్యి లేపిన. అటు మూడు, ఇటు నాలుగు. తీర్మానం ఖతం. వాని కార్యదర్శి పదవి గూడ ఖతం. అందరు కలిసి నన్నే కార్యదర్శిని చేసిన్రు. ఎనభై రెండేండ్లకు నౌకరి దొరికింది.

ఇంకో మాట. నీ ఉత్తరాలు మావాడు మొదటి నాలుగు ముక్కలు చూసి ఫైల్ల పెడ్తడు. మిగతాది భూతద్దం పెట్టుకొని నేను చదువుత, కింద తాజా కలం దాక. మొదటి ఉత్తరం కెల్లి నాకు అంతా ఎరుకే. మీ అత్త పోయిందని వీడు మొహం వేలాడేసుకొని చెప్తుంటే, నవ్వు ఆగక కొంగు అడ్డం పెట్టుకొని లోపలికి పోయిన. వీడు కాకులకు మాటలిచ్చి వచ్చిన నాడు అన్నం గూడ సక్కగ తినలేకపోయిన. చెప్పొద్దా అంటే, చెప్తే ఆ మజా పోతదని చెప్పలే. నాదీ తప్పే, జర మాఫ్ చెయ్యి.

కానీ ఇయ్యాల నువ్వు రాసింది చదివితే నవ్వు రాలే. నేను పదమూడేండ్లకు పెండ్లయి పర్భణి నుంచి చిక్కడపల్లికి వచ్చిన. మా ఇంట్ల మరాఠీ మాట, జొన్న తిండి. ఇక్కడ చింతపండు, గొడ్డుకారం. ఏడాది పొద్దు కండ్లల్ల నీళ్లు పెట్టుకుంట తిన్న. అత్త మంచిదే. మా ఆయన దేవుడసొంటోడు. అయినా "మీ ఇంట్ల ఏం తింటుంటివి?" అని ఒక్కరంటే ఒక్కరు అడగలే. దుర్మార్గం కాదు, ఎవరికీ తోచలే, అంతే. అడిగితే చెప్దామని థాలీపీట్ అన్న మాట నోట్ల పెట్టుకొని తిరిగిన. తర్వాత తర్వాత నేనే మర్చిపోయిన. అరవై తొమ్మిదేండ్లయింది.

నువ్వు నెల పట్టిందని బాధపడుతున్నవు. నెలలోపట అడిగినవు బిడ్డా. అది తక్కువా? నా ఓటు దానికేసిన.

రేపు పెత్రమాస కదా, నాకు పని ఉంటది. ఎల్లుండి ఆ పిల్లను వెంటవెట్టుకొని కిందికి రా. దానికి ఏడుపొస్తే ఏ భాషల ఏడుస్తదో అడగాలె. రోలు ఎంత దంచుకుంటవో దంచుకో, కార్యదర్శి ఆర్డరు.

ఆశీర్వదించి,
త్రివేణీబాయి
కార్యదర్శి, ఓనరు

తా.క. ప్లేటు ఖాళీ అయింది. వెల్లుల్లి లేనివి అన్నీ నేనే తిన్న. ఉన్నది ఒకటి తీసి వాసన చూసి పెట్టేసిన. మా ఆయన పోయినంక వెల్లుల్లి ముట్టలే గద. చాలాసేపు చూసిన.

ఇంకో తా.క. ఇది ఇంద్రసేనరావు సొంతంగా రాస్తున్నది. అమ్మ "అరవై తొమ్మిదేండ్లయింది" అన్నచోట నా చెయ్యి ఆగిపోయింది. "రాయిరా, ఆగినవేంది?" అని కసిరింది. నాకు అరవై మూడేళ్లు చెల్లెమ్మా. నేను కూడా ఎన్నడూ అడగలేదు. ఆ పిల్లకు నా తరఫున క్షమాపణ చెప్పండి, తర్వాత నేను కూడా చెబుతాను. ఇప్పుడే అమ్మను అడిగాను, థాలీపీట్ ఎట్లా చేస్తారని. జొన్నపిండి, శనగపిండి, కాస్త జీలకర్ర అని మొదలుపెట్టింది. పెనం మీద పిండి తడుతూ వాళ్లమ్మ పాడే పాట దగ్గరికి వచ్చింది. ఆమె మరాఠీలో పాడగా నేను ఇప్పటిదాకా వినలేదు. చాయ్ పెట్టుకొని పక్కనే కూర్చున్నాను, ఇంకా చెబుతూనే ఉంది.